“బాగానే ఉంది” అనే రీడింగ్

మా ఆవిడ చీర కట్టడం మానేసి రెండు నెలలైనా నాకు ఆ సంగతి తట్టలేదు. ఇంట్లో నైటీ, ఆస్పత్రికి వెళ్ళే రోజున మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి తెచ్చిన వదులు కుర్తా. పొట్ట మీద ఆపరేషన్ కుట్లున్నాయి, కుచ్చిళ్ళు దోపితే ఒత్తుకుంటాయేమో, అందుకే మానేసిందనుకున్నాను. అడగలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి పొద్దున స్నానం చెయ్యగానే చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళే మనిషి ఇన్నాళ్ళు కట్టకపోతే, ఎందుకమ్మా అని ఒక్క మాట అడగాలి కదా. అడగలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మాది విశాఖపట్నంలో కూర్మన్నపాలెం. నేను స్టీల్ ప్లాంట్‌లో 33 ఏళ్ళు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో, అంటే కొలత పరికరాల విభాగంలో, పనిచేశాను. గోదావరి, కృష్ణ అని మా బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు. వాటి చుట్టూ ఉండే థర్మోకపుల్స్, ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు, ఫ్లో మీటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. మీటర్ చెప్పిందే నమ్మాలి. అందుకే ముందు మీటర్ సరిగ్గా చెబుతోందా లేదా అని చూసుకోవాలి. రిటైరయ్యాక ఈ చదువు ఇంక దేనికి పనికొస్తుందిలే అనుకున్నాను.

మా ఆవిడకి పెద్దపేగు క్యాన్సర్, మూడో స్టేజి. ఆపరేషన్ అయ్యాక ఎనిమిది కీమో సైకిళ్ళు, 21 రోజులకొకటి. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ డ్రిప్ రెండు గంటలు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం తిండి తిన్నాక కాపెసిటబిన్ మాత్రలు. చివరి ఏడు రోజులు సెలవు. డ్రిప్ పెట్టిన వారం ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీస్తే వేళ్ళకి కరెంట్ కొట్టినట్టు ఉండేది తనకి. చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసేది. ఇవన్నీ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. ఎలాగో ఆరు నెలలు గడిచాయి. ఆగస్టులో ఆఖరి డ్రిప్ అయింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఈ క్యాన్సర్ జాడ చూసే సీఈఏ అనే రక్తపరీక్షలో 2.1 వచ్చింది, మామూలు స్థాయే. గండం గడిచిందని చుట్టాలంతా వచ్చారు. గాజువాక నుంచి స్వీట్లు తెచ్చి వీధిలో పంచాను.

ఆ రోజు కూడా తను నైటీలోనే ఉంది. పైన తువ్వాలు కప్పుకుని అందర్నీ పలకరించింది.

సెప్టెంబరులో ఆస్పత్రికి వెళ్తే డాక్టరు గారు ఫైలు చూస్తూనే “ఎలా ఉన్నారమ్మా?” అని అడిగారు. “బాగానే ఉంది బాబూ” అంది. ఆయన ఒక గీత గీసి, ఈకాగ్ 1 అని రాసి తర్వాతి మనిషిని పిలిచారు. బయటికొచ్చాక ఒక కుర్ర డాక్టర్ని పట్టుకుని అదేమిటని అడిగాను. రోగి ఎంత తిరగగలుగుతున్నాడో డాక్టరు చూసి వేసే అంకె అట. 0 అంటే మునుపటిలాగే ఉన్నట్టు, 4 అంటే పూర్తిగా మంచం మీదే. 1 అంటే బరువు పనులు చెయ్యలేరు గానీ తిరుగుతూ తేలికపాటి పనులు చేసుకోగలరు. తనెలా ఉందో తెలియడానికి ఆ ఒక్క అంకె, ఆ ఒక్క మాట, అంతే. వెనక బెంచీల మీద అరవై డెబ్భై మంది కూర్చుని ఉన్నారు. ఆయన్ని మాత్రం ఏమనగలం?

కానీ “బాగానే ఉంది” అనే మాట నాకు బస్సులో ఇంటికొచ్చేదాకా గుచ్చుకుంటూనే ఉంది. వాంతులతో తల ఎత్తలేని రోజున కూడా అదే మాట. జ్వరమొచ్చి అడ్మిట్ చేసిన రాత్రీ అదే మాట. ప్లాంట్‌లో ఒక ప్రెషర్ మీటర్ ముల్లు షిఫ్ట్ అంతా ఒకే చోట కదలకుండా ఉంటే ప్రెషర్ నిలకడగా ఉందని మేం సంతోషించం. మీటర్‌కి ప్రెషర్ అందించే సన్నపైపు, అదే ఇంపల్స్ లైన్, చోక్ అయిందేమో అని పరిగెత్తుకెళ్ళి చూస్తాం. లోపల ప్రెషర్ పెరిగినా తగ్గినా సన్నపైపు మూసుకుపోతే ముల్లుకి తెలియదు. మా ఆవిడ ఒక్కతే కాదు, మన ఆడవాళ్ళలో చాలామంది ఇలాగే చెబుతారు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని.

అక్టోబరులో వెళ్ళినప్పుడు ఒక సిస్టర్ మమ్మల్ని పక్కకి పిలిచి ఒక ఫారం ఇచ్చారు. కీమో అయిపోయినవాళ్ళ జీవన నాణ్యత కొలుస్తున్నామని చెప్పారు. జీవన నాణ్యత అనే మాట వినగానే నాకు ఉపన్యాసంలా అనిపించింది. ఫారం చదివాక మాత్రం అలా అనిపించలేదు.

దాని పేరు క్యూఎల్‌క్యూ-సి30. యూరప్‌లో క్యాన్సర్ చికిత్సల మీద పరిశోధన చేసే ఈఓఆర్‌టీసీ అనే సంస్థ తయారుచేసి 1993లో బయటపెట్టింది. మొత్తం 30 ప్రశ్నలు, అన్నీ మామూలు మాటల్లోనే. బరువైన సంచీ మొయ్యడం కష్టంగా ఉందా? ఇంటి బయట కాస్త దూరం నడవడానికి ఇబ్బందా? పగటిపూట మంచం మీదో కుర్చీలోనో ఉండాల్సి వస్తోందా? ఆకలి, నిద్ర, నీరసం, విరేచనం. పేపరు చదువుతుంటే, టీవీ చూస్తుంటే మనసు నిలుస్తోందా? జ్ఞాపకం ఎలా ఉంది? దిగులుగా ఉంటోందా? ఈ జబ్బు వల్ల ఇంట్లోవాళ్ళతో గడపడానికి అడ్డొస్తోందా, నలుగురిలోకి వెళ్ళడానికి అడ్డొస్తోందా? డబ్బుకి కటకటగా ఉందా? మొదటి అయిదు తప్ప మిగతావన్నీ “గడిచిన వారం రోజుల్లో” అనే అడుగుతుంది. 28 ప్రశ్నలకి అస్సలు లేదు, కొంచెం, ఎక్కువగానే, చాలా ఎక్కువ అని ఒకటి నుంచి నాలుగు దాకా జవాబు. చివరి రెండిటికి, అంటే మొత్తం మీద ఆరోగ్యం ఎలా ఉంది, బతుకు ఎలా ఉంది అన్నవాటికి, ఒకటి నుంచి ఏడు దాకా.

సిస్టర్ పెన్ను ఇవ్వబోతే మా ఆవిడ తీసుకోలేదు. “మీరే టిక్కులు పెట్టండి” అని నా వైపు తోసింది. నేను చకచకా పెట్టుకుంటూ పోతున్నాను. నాలుగు ప్రశ్నలయ్యాయో లేదో సిస్టర్ ఆపేశారు. “బాబాయ్ గారూ, మీరు ఆవిణ్ణి ఒక్కటి కూడా అడగలేదు” అన్నారు. నిజమే, అడగలేదు. ఆ కాగితం పక్కన పెట్టి, మా ఆవిణ్ణి లోపలి గదికి తీసుకెళ్ళి, ప్రశ్నలు చదివి వినిపిస్తూ తన జవాబులు తనతోనే చెప్పించుకున్నారు. నాకు ఇంకో ఖాళీ ఫారం ఇచ్చి, “మీరు చూస్తున్నదాన్ని బట్టి విడిగా నింపండి. ఇంటికెళ్ళాక ఇద్దరూ పక్కపక్కన పెట్టి చూసుకోండి” అన్నారు. ఆ అమ్మాయికి మా పెద్దమ్మాయి కంటే చిన్న వయసు ఉంటుంది. చల్లగా ఉండాలి.

రాత్రి అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద రెండు కాగితాలూ పెట్టాను. ఫ్యాన్ గాలికి ఎగరకుండా ఒకదాని మీద ఆవకాయ జాడీ, ఇంకోదాని మీద నా కళ్ళజోడు డబ్బా. నొప్పి దగ్గర నేను మూడు పెట్టాను, తను ఒకటి చెప్పింది. పోనీలే, మంచిదే. నిద్ర దగ్గర నాది రెండు, తనది నాలుగు. నా పక్కనే పడుకుని రాత్రంతా మేలుకుని ఉంటోందన్నమాట. నలుగురిలోకి వెళ్ళడం దగ్గర నాది రెండు, తనది నాలుగు. డబ్బు దగ్గర నాది ఒకటి, తనది నాలుగు.

ఆ నాలుగు చూసి నేను కాసేపు మాట్లాడలేదు. మెడిక్లెయిమ్ దాటిపోయిన ఖర్చుకి సబ్బవరం దగ్గరున్న స్థలం అమ్మేశాను. తనకి చెప్పలేదు. అమ్మాయిలకి కూడా చెప్పలేదు.

“నీకెలా తెలుసు?” అన్నాను.

“ఆ కాగితాలు బీరువాలో నా చీరల కిందే కదండీ ఉండేవి. చీర కట్టకపోయినా బీరువా తెరుస్తాను కదా.”

“మరి ఎందుకు కట్టట్లేదు?”

ఆ ప్రశ్న అప్పుడు వచ్చింది నా నోట. తను వెంటనే చెప్పలేదు. కుడిచెయ్యి టేబుల్ మీద పెట్టి, వేళ్ళ కొసల్ని బొటనవేలితో ఒక్కొక్కటే రుద్దుకుంది. “జాకెట్టు హుక్కులు పట్టుబడట్లేదండీ. ఎక్కడుందో తెలీదు, పెట్టానో లేదో తెలీదు. చేతులకి సాక్సులు తొడిగినట్టుంటుంది. అద్దంలో చూసుకుంటూ పెట్టుకోబోతే అరగంట పట్టింది, అయినా రెండే పడ్డాయి. ఏడుపొచ్చింది. మానేశాను.”

“నన్ను పిలవొచ్చు కదే.”

“ఒక్క రోజైతే పిలుస్తాను. రోజూనా?”

అదొక్కటే కాదు. సెప్టెంబరులో పాత గాజువాక మార్కెట్‌లో తన ఎడమకాలి చెప్పు ఊడిపోయిందట. ఊడిన సంగతి కాలికి తెలియలేదు. అలాగే రోడ్డు దాటేసింది. వెనక నుంచి కూరలమ్మే ఆవిడ “అమ్మా, సెప్పు ఒగ్గేసినావు” అని కేకేసి తెచ్చిచ్చిందట. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఆ రోజు నుంచి మార్కెట్‌కి వెళ్ళడం మానేసింది. ఎదురింటివాళ్ళ గృహప్రవేశానికి తలనొప్పి అని చెప్పి వెళ్ళలేదు. నాకవన్నీ వేరు వేరు సంగతుల్లా కనిపించాయి. నిజానికి అన్నిటికీ మూలం ఒకటే, తిమ్మిరి.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కలు వేశాను. లెక్క ఎలా వెయ్యాలో సిస్టర్ చెప్పారు, చాలా సులువు. ఒక విభాగంలోని జవాబుల సగటు తీసి, అందులోంచి ఒకటి తీసేసి, మూడుతో భాగించి, వందతో గుణించాలి. నొప్పి, నీరసం లాంటి బాధలకైతే అదే మార్కు, ఎక్కువ వస్తే ఎక్కువ బాధ. నడక, పనులు, మనసు లాంటి శక్తులకైతే దాన్ని వందలోంచి తీసెయ్యాలి, ఎక్కువ వస్తే మంచిది. ఏడు దాకా జవాబున్న చివరి రెండు ప్రశ్నలకి మాత్రం మూడుకి బదులు ఆరుతో భాగించాలి, వందలోంచి తియ్యక్కర్లేదు, అక్కడా ఎక్కువ వస్తే మంచిది. ఇంట్లోవాళ్ళతో గడపడానికి అడ్డు మూడు, నలుగురిలోకి వెళ్ళడానికి అడ్డు నాలుగు. సగటు మూడున్నర. అంటే మా ఆవిడ సామాజిక జీవితానికి వందకి 16.7. శరీరశక్తికి 53.3. మొత్తం మీద బతుకు ఎలా ఉందంటే 50. సీఈఏ 2.1 అని సంబరపడి స్వీట్లు పంచిన ఇంట్లో 16.7 ఉంది.

పరికరం గురించి ఒక మాట చెప్పాలి. ఆ 30 ప్రశ్నల్లో తిమ్మిరి గురించి ఒక్కటీ లేదు. అది ఏ క్యాన్సర్ రోగికైనా సరిపడేలా చేసిన ఫారం. ఎక్కడో తేడా ఉందని మాత్రమే పట్టిస్తుంది. ఎక్కడో తేల్చడానికి వేరే కొలత కావాలి. మర్నాడు ఫోన్ చేస్తే సిస్టర్ మళ్ళీ రమ్మన్నారు. ఈసారి సీఐపీఎన్20 అనే ఇంకో ఫారం. కీమో వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళ కోసమే చేసిన 20 ప్రశ్నలు. చేతివేళ్ళలో తిమ్మిరి ఉందా, పాదాల్లో ఉందా? వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ తేడా తెలుస్తోందా? పెన్ను పట్టుకోగలుగుతున్నారా? పాదం కింద నేల తెలియక నడవడం కష్టమవుతోందా? చిన్న గుండీ లాంటివి పెట్టుకోగలుగుతున్నారా? ఆ ప్రశ్న వినగానే మా ఆవిడ నా వైపు చూసింది. ఎక్కడో ఎవరో తనలాంటివాళ్ళు చెబితేనే కదా ఆ ప్రశ్న పుట్టింది.

డాక్టరు గారు ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని పావుగంట కూర్చున్నారు. ఆక్సాలిప్లాటిన్ ఆపేశాక కూడా రెండు మూడు నెలలు ఈ తిమ్మిరి పెరుగుతుందట. ఫర్నేస్‌కి గాలి ఆపేసినా ఇటుకల వేడి వెంటనే దిగదు, అలా అర్థం చేసుకున్నాను. తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. మంట, పోట్లు ఉంటే డులోక్సెటిన్ అనే మాత్ర ఇస్తారు. తనకి మంట లేదు, మొద్దుబారడమే, కాబట్టి అక్కర్లేదన్నారు. ఫిజియోథెరపీ రాశారు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోమన్నారు. స్నానం నీళ్ళ వేడి ముందు మోచేత్తో చూడమన్నారు. పాదానికి దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోమన్నారు. ఆ పని నాది. టార్చిలైట్ వేసి చూస్తాను. మొదట్లో సిగ్గుపడి కాళ్ళు వెనక్కి లాక్కునేది. ఇప్పుడు టీవీ చూస్తూనే చాపేస్తుంది.

ఈ కొలతలన్నీ పరిశోధకులు కాగితాలు నింపుకోవడానికేనా అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు. న్యూయార్క్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో, జబ్బు ఒళ్ళంతా పాకి కీమో తీసుకుంటున్న 766 మందిని తీసుకుని, కొందరి చేత వాళ్ళ బాధలు ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో చెప్పించుకున్నారు. ఏదైనా ముదిరితే నర్సుకి కబురు వెళ్తుంది. మిగతావాళ్ళకి మామూలు పద్ధతి, డాక్టరు అడిగినప్పుడు చెప్పుకోవడమే. 2017లో ఫలితం ప్రకటించారు. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్ళ మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 26 నెలలు, బాధలు చెప్పుకున్నవాళ్ళది 31.2 నెలలు. కొత్త మందు ఏదీ లేదు. సమయానికి అడిగారు, విన్నారు, అంతే. అయిదు నెలలు! మన ఓపీల్లో ఆ పని చెయ్యడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. బెంచీ మీద మూడు గంటలు ఎదురుచూసే మనిషికి ఒక కాగితం, చదవలేనివాళ్ళకి చదివి వినిపించే ఒక మనిషి కావాలి. ఇది ప్రతి ఆస్పత్రిలోనూ ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంట్లోవాళ్ళకి ఫారం కూడా అక్కర్లేదు. “ఎలా ఉంది?” అని అడక్కండి. “నిన్న రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది?” అని అడగండి. “సందు చివరిదాకా నడిచావా?” అని అడగండి. వాటికి “బాగానే ఉంది” అని చెప్పడం కుదరదు.

మార్గశిరం వచ్చింది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి మార్గశిర గురువారం వెళ్ళడం మా ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ముందు ఏడాది ఆపరేషన్ వల్ల కుదరలేదు. ఈసారీ వద్దంది. రద్దీ, తోపులాట, పైగా చెప్పులు ఉండవు. నేను పట్టుబట్టాను. ఆఖరి గురువారం రాత్రి రెండింటికి లేచి బయల్దేరాం. చీర కట్టుకుంది, హుక్కులన్నీ నేనే పెట్టాను. క్యూలో నా భుజం మీద చెయ్యి వేసి, మెట్టు వచ్చినప్పుడల్లా నేను “మెట్టు” అంటే కాలు ఎత్తింది. అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు. భక్తులే స్వయంగా నీళ్ళు పోసి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. చెంబు ఒంటిచేత్తో పట్టదని రెండు చేతులతో పట్టుకుంది. నీళ్ళు పోసింది. పసుపు మాత్రం చిటికెతో తియ్యలేక, అరచెయ్యి మొత్తం గిన్నెలో అద్ది అమ్మవారికి రాసింది. బయటికొచ్చాక పసుపు అంటిన ఆ అరచెయ్యిని కడుక్కోకుండా ఇంటిదాకా అలాగే ఉంచుకుంది.

జనవరిలో మళ్ళీ ఫారం నింపింది. తిమ్మిరి దాదాపు అంతే ఉంది. శరీరశక్తి 53.3 నుంచి 60, పెద్ద మార్పేం కాదు. కానీ చివరి రెండు ప్రశ్నలకీ అయిదేసి ఇచ్చింది. 50 కాస్తా 66.7 అయింది. ఈ స్కేల్ మీద అయిదు నుంచి పది తేడా వస్తే రోగికి కొంచెం మార్పు తెలుస్తుందనీ, పది నుంచి ఇరవై అయితే ఒక మాదిరి మార్పనీ, ఇరవై దాటితే పెద్ద మార్పనీ లెక్క. కాళ్ళు చేతులు అలాగే ఉంటే బతుకు 16.7 ఎలా పెరుగుతుంది? ముల్లు మళ్ళీ ఇరుక్కుందేమో, మళ్ళీ “బాగానే ఉంది” మొదలైందేమో అని నాకు టెన్షన్ పట్టుకుంది. సిస్టర్‌ని అడిగాను. ఇది తెలిసిన విషయమేనట. పెద్ద జబ్బు దాటినవాళ్ళలో కొలబద్దే మారుతుందట. బాగుండటం అంటే ఏమిటో వాళ్ళు లోపల కొత్తగా నిర్ణయించుకుంటారట.

మా ప్లాంట్‌లో దాన్ని డ్రిఫ్ట్ అంటాం. మీటర్ ప్రమాణం దానంతటదే జరిగితే తప్పు కింద లెక్క, విప్పి ల్యాబ్‌కి పంపిస్తాం. మనిషి విషయంలో అది తప్పు కాదని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇంటికొచ్చి తననే అడిగాను, అయిదు ఎందుకిచ్చావని. “అమ్మవారి దగ్గరికి వెళ్ళొచ్చాను కదండీ” అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఏప్రిల్‌లో మూడోసారి. శరీరశక్తి 80. సామాజికం 66.7. డబ్బు దగ్గర ఇప్పటికీ మూడే చెబుతోంది, దాని గురించి మేమిద్దరం ఇప్పుడు దాచుకోకుండా మాట్లాడుకుంటున్నాం. పాస్‌బుక్ తనకే ఇచ్చేశాను. నిద్ర నాలుగు నుంచి రెండుకి దిగింది. వేళ్ళ కొసలు ఇంకా పూర్తిగా రాలేదు, పోపులో ఆవాలు చిటికెతో కాకుండా చెంచాతోనే వేస్తుంది.

మొన్న ఆదివారం ఎదురింటివాళ్ళ మనవడి అన్నప్రాసన. పొద్దున ఎనిమిదింటికి గదిలోంచి “ఏమండీ, ఒక్కసారి ఇటు రండి” అని పిలిచింది. వెళ్ళాను. ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. ఆరు హుక్కుల్లో నాలుగు తనే పెట్టుకుంది. పై రెండూ నేను పెట్టి, ఇవతలికొచ్చి, డైరీలో ఆ తేదీ ఎదురుగా 4/6 అని రాసుకున్నాను.